పని చేయనని హామీ

ఫ్రాన్స్‌లో మూడు నెలలకు మించి ఉండాలనుకునే మనలాంటి వాళ్ళకి రకరకాల వీసాలున్నాయి. అక్కడి సంస్థ ఉద్యోగమిస్తే ఒకటి, చదువుకోవడానికైతే ఒకటి, భర్తో భార్యో అక్కడుంటే ఒకటి, ఏదైనా విశ్వవిద్యాలయం ఒప్పందపత్రం ఇచ్చి పిలిచిన పరిశోధకులకు మరొకటి. వీటిలో ఎక్కడా ఇమడని వాళ్ళకి మిగిలేది ‘సందర్శకుల’ దీర్ఘకాలిక వీసా. అది కావాలంటే సొంత వనరులతో బతకగలమని చూపించాలి. ఆ వనరులు అక్కడి కనీస వేతనానికి తగ్గకూడదు. ఆరోగ్య బీమా ఉండాలి. వీటితోపాటు, ఫ్రాన్స్‌లో ఉన్నంతకాలం ఏ వృత్తిపరమైన పనీ చేయనని హామీ రాసి సంతకం పెట్టాలి.

చూడ్డానికి అది చిన్న కాగితం. రెండు వాక్యాలు, ఊరు, తేదీ, సంతకం. కానీ పని అంటే ఏమిటి, అది ఎక్కడ జరుగుతుంది, ఎవరు చేస్తే పని కింద లెక్కకొస్తుంది అని స్త్రీవాదులం ఇన్నేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నలన్నీ ఆ కాగితం మీదకొచ్చి కూర్చున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

నా సంగతి కొంత చెప్పాలి. సాహిత్యంలో పిహెచ్‌డి చేశాను. విశ్వవిద్యాలయంలో ఉద్యోగం రాలేదు. (ఏళ్ళ తరబడి ఖాళీలు నింపకపోవడం గురించి ఇక్కడ రాయను. అది వేరే దుఃఖం.) హైదరాబాదులో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఒక సంస్థకి ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. 2020 లాక్‌డౌన్‌లో ఆఫీసు ఇంటికొచ్చింది, మళ్ళీ వెనక్కి పోలేదు. నేను ఏ ఊళ్ళో కూర్చుని ప్రూఫులు దిద్దినా వాళ్ళకి అభ్యంతరం లేదు. లాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే చాలు.

ఫ్రాన్స్ ఎందుకంటే, యానాం కోసం. మాది కాకినాడ దగ్గర పల్లె. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం చేశారు. 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం ఆడపిల్లకి 14 ఏళ్ళు, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేయకూడదు. యానాం ఫ్రెంచివాళ్ళది, అక్కడ ఆ చట్టం చెల్లదు. దాంతో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అనే పేరే వచ్చింది. మా నాయనమ్మ తరం వాళ్ళు ఆ పేరు నవ్వుతూ చెప్పేవారు. ఆ పిల్లలు ఎవరు, వాళ్ళ గురించి ఫ్రెంచి అధికారులు ఏం రాసుకున్నారు, రిజిస్టర్లలో ఆడవాళ్ళ వృత్తి దగ్గర ఏముంది అన్నది నా పరిశోధన. ఫ్రెంచి పౌర రిజిస్టర్లలో స్త్రీ పేరు పక్కన ‘వృత్తి లేదు’ అని రాయడం మామూలే. ఎందరి పక్కన రాశారో, రాయనిది ఎవరి పక్కనో చూడాలి. ఆ పాత వలసల కాగితాల్లో చాలా భాగం దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎక్స్ ఆన్ ప్రొవాన్స్‌లో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో పెట్టినవి కొన్నే. మిగతావి అక్కడ కూర్చుని పెట్టె తర్వాత పెట్టె తెప్పించుకుని చదవాలి. పగలు చదువుకుని, సాయంత్రాలూ శనాదివారాలూ నా ఉద్యోగం చేసుకుంటూ ఒక ఏడాది గడపవచ్చని నా ఆలోచన.

వీసా కన్సల్టెన్సీలో ఫైలు చూసిన అమ్మాయి మంచిదే. ఓపిగ్గా చెప్పింది. “శాలరీ స్లిప్పులు పెట్టకండి మేడమ్, అక్కడికెళ్ళి కూడా పని చేస్తారని అనుమానపడతారు. డిపాజిట్లు చూపిద్దాం. లేదంటే నాన్నగారితో స్పాన్సర్ లెటర్ రాయించండి, ఇంకా సేఫ్.”

నాకు 36 ఏళ్ళు. నాన్న రిటైరై పెన్షన్ మీద ఉన్నారు. ఆయన మందుల ఖర్చు నా జీతంలోంచే పోతుంది. అయినా కాగితం మీద ఆయన నన్ను పోషిస్తే సేఫ్, నన్ను నేను పోషించుకుంటే అనుమానం!

“మరి పని మానట్లేదు కదా, చేయనని ఎలా రాస్తాను?” అన్నాను.

“మీ పని హైదరాబాదులో ఉంది కదా మేడమ్. జీతం ఇక్కడే పడుతుంది. అక్కడ మీరు ఊరికే ఇంట్లో ఉంటారు.”

ఆ అమ్మాయి నన్ను మోసం చేయడానికి చెప్పిన మాట కాదది. ఇలా వాదించే న్యాయవాదులున్నారు. ఆ షరతు ఉద్దేశం ఫ్రాన్స్ ఉద్యోగాలకి పోటీ రాకూడదనే కానీ, ఇంకో దేశపు సంస్థకి చేసే పనిని ఆపడం కాదని వాళ్ళంటారు. కాదు, ఆ గడ్డ మీద కూర్చుని చేసే ఏ పనైనా పనేనని అనేవాళ్ళూ ఉన్నారు. కానీ నా చెవిలో మిగిలిపోయింది వాదం కాదు, ‘ఊరికే ఇంట్లో ఉంటారు’ అన్న ముక్క. ఈ మాట మనకి కొత్త కాదు కదా. మా అమ్మ గురించి అందరూ ఇదే అనేవారు. పొద్దున్న ఐదింటికి లేచి రాత్రి పదకొండింటికి నడుం వాల్చే మనిషిని “ఏం చేస్తారు మీ అమ్మ?” అని అడిగితే నేను కూడా చిన్నప్పుడు ఆ జవాబే చెప్పేదాన్ని.

సరే, అబద్ధం సంగతి చూద్దాం. అబద్ధం ఎప్పుడు తప్పు కాదు అన్నదానికి మన దగ్గర పెద్ద శాస్త్రమే ఉంది. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి అబద్ధమాడదగిన సందర్భాలు వరసగా ఏకరువు పెడతాడు. అందులో మొట్టమొదటిది ఆడవాళ్ళ విషయం. ఆడవాళ్ళతో మగవాళ్ళు ఆడే అబద్ధానికి అంత పాతకాలం నుంచీ మినహాయింపు ఉంది. ఆడవాళ్ళు తమకోసం తాము ఆడే అబద్ధానికి మాత్రం ఆ వరసలో చోటు లేదు.

ఆ కథలో నాకు ఎప్పుడూ ఆసక్తిగా అనిపించేది ఇంకోటుంది. అది అతిథి కథ. చిన్నవాడు వచ్చి మూడడుగుల నేల అడుగుతాడు, ఇచ్చాక లోకమంతా నిండిపోతాడు. వీసా ఆఫీసుల్లో కూర్చునే వాళ్ళ భయమంతా ఇదే. ఏడాది ఉంటానని వచ్చిన మనిషి కాళ్ళు ఎక్కడిదాకా చాస్తుందో అని. అయితే చరిత్రలో మూడడుగులు అడిగి ముంచినవాళ్ళు ఎవరు? 1723లో గోదావరి పాయ ఒడ్డున యానాంలో వర్తకానికని దిగినవాళ్ళెవరు? శాశ్వత శాంతి గురించి 1795లో కాంట్ రాసిన పుస్తకంలో ఈ మాట ఉంది. పరాయి నేల మీద మనిషికి ఉన్నది సందర్శించే హక్కే తప్ప, అతిథిగా ఉండిపోయే హక్కు కాదంటాడాయన. వెంటనే ఐరోపా వాళ్ళనే తప్పుపడతాడు. వాళ్ళకి పరాయి దేశాన్ని సందర్శించడమంటే దాన్ని జయించడమేనని, వర్తక స్థావరాలు పెట్టుకుంటామని చెప్పి హిందూస్తాన్‌లోకి సైన్యాల్ని దించారని అంటాడు. అంటే ‘సందర్శకుడు’ అన్న మాటను మనం ఇవాళ ఫారంలో ఎంత వినయంగా నింపుతున్నా, ఆ మాట వెనక ఉన్న పాపం మనది కాదు.

కాబట్టి నన్ను నమ్మని రాజ్యానికి నేను నిజం బాకీ ఉన్నానా అని అడగొచ్చు. నేనూ అడుగుకున్నాను. హామీ ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ మధ్య ఇంత ఎత్తుపల్లాలున్నప్పుడు మాట తప్పడం ఎంత పెద్ద తప్పు? యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి 1954లో మన పాలనలోకి వచ్చింది. బదిలీ ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. అక్కడ పుట్టినవాళ్ళకి ఆరు నెలల గడువిచ్చి, కావాలనుకుంటే ఫ్రెంచి పౌరులుగా ఉండిపోతామని రాసివ్వమన్నారు. కొందరు రాసిచ్చారు, ఎక్కువమంది రాయలేదు. ఆరు నెలల్లో ఒక తాతగారు పెట్టిన సంతకం వల్ల మనవరాలు ఇవాళ ఫ్రాన్స్‌లో ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండి, ఏ పని కావాలంటే ఆ పని చేసుకోవచ్చు. పొరుగు ఊళ్ళో పుట్టిన నేను పనిచేయనని రాసివ్వాలి. దీంట్లో నీతి ఎక్కడుంది? అందుకే సంతకం పెట్టి వెళ్ళి రాత్రిళ్ళు తలుపేసుకుని పని చేసుకునేవాళ్ళని నేను తప్పుపట్టను. వాళ్ళ వల్ల అక్కడ ఎవరి కూడూ పోవడం లేదు.

నాకు అడ్డమొచ్చింది రాజ్యానికి చెప్పే అబద్ధం కాదు. ఆ అబద్ధం నిలబడడానికి కావలసిన వాదం. ‘నా పని హైదరాబాదులో ఉంది, నేను మాత్రం ఇక్కడున్నాను’ అని నేను నమ్మాలి, లేదా నమ్మినట్టు రాయాలి. పని ఒకచోట, మనిషి ఇంకోచోట. ఇది ఎంత కొత్తగా, ఎంత సాంకేతికంగా వినిపించినా పాత మాటే. నడుం నొప్పి, కళ్ళ మంట, మెడ పట్టేయడం, ఇవన్నీ ఎక్స్ ఆన్ ప్రొవాన్స్‌లో ఉంటాయి, పని మాత్రం హైదరాబాదులో! అవి లేకుండా ఏ పేజీ దిద్దాను నేను? పని శరీరంతో చేసేది, శరీరం ఉన్నచోటే పని ఉంటుంది అనే కదా ఇంటిచాకిరీ గురించి మనం ఇంతకాలం చెప్పింది. 1970లలో ఇటలీ, అమెరికా స్త్రీవాదులు ఇంటిపనికి జీతమివ్వమని ఉద్యమం చేసినప్పుడు జీతం ఎంత అన్నది వాళ్ళకి పెద్ద విషయం కాదు. దాన్ని పని అని ఒప్పుకోండి అన్నదే అసలు డిమాండ్.

పన్ను దగ్గరికొచ్చేసరికి రాజ్యాలకి ఈ విషయంలో ఏ అయోమయమూ లేదు. దేశాల మధ్య పన్ను ఒప్పందాల్లో మామూలుగా ఉండే సూత్రం ఏమిటంటే, జీతం ఏ బ్యాంకులో పడిందన్నది కాదు, ఉద్యోగి ఏ నేల మీద ఉండి పని చేసిందన్నది ముఖ్యం. అందుకే 183 రోజుల లెక్క పెడతారు. ఏడాదిలో అంతకు మించి ఉంటే అక్కడ పని చేసినట్టే. భారత్, ఫ్రాన్స్ మధ్య 1992లో జరిగిన ఒప్పందంలోనూ ఇదే లెక్క. పన్ను వసూలు చేసేటప్పుడు నాకు శరీరం ఉంటుంది. వీసా ఇచ్చేటప్పుడు ఆ శరీరం పనిచేయకూడదు. ఇంకో తమాషా. రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2011 జూలై నుంచి అమల్లో ఉంది. యజమాని పంపగా వెళ్ళే ఉద్యోగికి అందులో దారి ఉంది. ఎవరూ పంపకుండా తనంతట తాను బయల్దేరిన ఉద్యోగిని చట్టానికి ఎక్కడ పెట్టాలో తోచదు.

చిన్నపిల్లల్ని బళ్ళ మీద యానాం తీసుకెళ్ళిన తండ్రులకి కూడా ఈ సూత్రం బాగా తెలుసు. శరీరం ఏ గట్టు మీదుంటే ఆ గట్టు చట్టమే చెల్లుతుంది. పిల్ల శరీరాన్ని నాలుగు మైళ్ళు అవతలికి జరిపితే నేరం కాస్తా శుభకార్యమైపోతుంది. ఆ పిల్ల సాయంత్రానికి తిరిగి వచ్చేది. చట్టం వచ్చేది కాదు. ఆ కాగితాలు చదవడానికి వెళ్తూ, శరీరం ఎక్కడుందన్నది లెక్కలోకి రాదని నేనే రాసిస్తే!

ఇంటిని పనిచేసే చోటుగా ఒప్పుకున్న వీసా కూడా ఒకటుంది. రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచీ కోనసీమ నుంచీ కువైట్ వెళ్ళే ఆడవాళ్ళకి అది బాగా తెలుసు. అక్కడివాళ్ళు దాన్ని ఖద్దామా వీసా అంటారు. ఆ వీసా మీద వెళ్ళిన మనిషి ఇంట్లో ఉండడమే పని. ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా పని చేయకూడదు. నన్ను ఇంట్లో పని చేయొద్దంటున్నారు, ఆమెను ఇల్లు దాటి పని చేయొద్దంటున్నారు. కువైట్ 2015లో ఇంటి పనివాళ్ళ కోసం చేసిన చట్టంలో రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికో రోజు సెలవివ్వాలని ఉంది. పడుకునేదీ పనిచేసేదీ ఒకే గోడల మధ్య అయినప్పుడు పన్నెండు గంటలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో తేల్చేదెవరు? ఇక మన ప్రభుత్వం. పదో తరగతి పాసవని స్త్రీ అలాంటి దేశాలకి పనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి. రక్షణ కోసమేనంటారు. మగవాడికి ఆ 30 లేదు. విదేశాలకు వెళ్ళడం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని మన సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది, 1978లో మేనకా గాంధీ కేసులో మళ్ళీ గట్టిగా చెప్పింది. ఆ తీర్పులు 28 ఏళ్ళ రాయచోటి ఆడమనిషి దాకా రాలేదు. ఆమె ఏజెంటుకి లక్షలు కట్టి దొడ్డిదారిన విజిటర్‌గా వెళ్తుంది. అవును, సందర్శకురాలిగానే. నా కష్టాన్ని ఆమె కష్టం పక్కన పెట్టడం లేదు. నాకు తిరుగు టికెట్టు ఉంటుంది, ఆమె పాస్‌పోర్టు ఇంకొకరి బీరువాలో ఉంటుంది. కానీ ఆడవాళ్ళ పని ఎక్కడ మొదలవుతుందో చెప్పే అధికారం ఆడవాళ్ళ చేతుల్లో లేకపోవడం రెండుచోట్లా ఒకటే. అమెరికాలో హెచ్-4 వీసా మీద ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండిపోయిన మన డాక్టర్లనీ ఇంజినీర్లనీ కూడా ఇక్కడ తలుచుకోవాలి. వాళ్ళలో కొందరికి, భర్తల గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే, 2015 నుంచి పనిచేసే అనుమతి దొరికింది. అదీ భర్త కాగితం కదిలితేనే.

మళ్ళీ నా ఫైలు దగ్గరికి. పని చేయకుండా ఏడాది బతకగలిగే ఆ సందర్శకుడు ఎవరై ఉంటాడు? 2025లో ఫ్రాన్స్ కనీస వేతనం కోతలు పోను నెలకి 1,426 యూరోలు. అంతా కలిపి ఏడాదికి మన లెక్కలో 16 లక్షలకు పైమాటే. పని చేయకుండా అంత వచ్చేది అద్దెల మీదో, వడ్డీల మీదో, భూమి మీదో. అంటే ఈ వీసా మనసులో ఉన్న మనిషి ఆస్తిపరుడు. మన ఆడవాళ్ళలో అలాంటివాళ్ళు ఎంతమంది? ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో 1980లలోనే, దేశమంతటా 2005 నుంచీ కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఉంది. ఉన్న హక్కుని అన్నదమ్ముల పేర వదులుకుంటూ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో సంతకాలు పెట్టిన అక్కచెల్లెళ్ళు నా చుట్టూనే బోలెడుమంది. మన తరం ఆడవాళ్ళు పెట్టిన సంతకాల్లో ఏదో ఒకటి వదులుకునేవే ఎక్కువేమో. ఆస్తి ఉన్నవాడి తీరికను గౌరవంగా చూసి, కష్టపడే మనిషి జీతం స్లిప్పును దాచిపెట్టమనే చోట నీతి ప్రశ్న నాకొక్కదానికే ఎందుకు వేస్తున్నారు?

పనిని పనిగా ఒప్పుకునే వీసాలూ వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. 2020లో బార్బడోస్, ఎస్టోనియా మొదలుపెట్టాయి. 2022లో పోర్చుగల్, స్పెయిన్ చట్టాలు చేశాయి. ఇటలీ 2024లో అమల్లోకి తెచ్చింది. పరాయి దేశపు సంస్థకి దూరం నుంచి పనిచేస్తున్నానని అక్కడ తలెత్తుకుని రాయొచ్చు. చదివి సంతోషపడ్డాను కూడా. తర్వాత అంకెలు చూశాను. స్పెయిన్‌లో కనీస వేతనానికి రెండింతలు, అంటే 2025 లెక్కన నెలకి సుమారు 2,763 యూరోలు సంపాదిస్తూ ఉండాలి. పోర్చుగల్‌కి నాలుగింతలు, అదే ఏడాది లెక్కన 3,480 యూరోలు. తెలుగు పాఠ్యపుస్తకాలు దిద్దే మనిషికి నెలకి మూడు లక్షల రూపాయలు ఎవరిస్తారు? బార్బడోస్ ఏడాదికి 50,000 డాలర్లంది. అక్కడితో ఆపేశాను. పని చేస్తున్నానని నిజం చెప్పే హక్కుకి కూడా ధర ఉందన్నమాట. అంతకు తక్కువ సంపాదించేవాళ్ళు అబద్ధమన్నా ఆడాలి, ఇంట్లోనన్నా ఉండాలి. సాఫ్ట్‌వేర్ జీతాలకి సరిపోయేలా కొలిచి కుట్టిన చొక్కా అది. తర్జుమాలు, ప్రూఫులు, ట్యూషన్లు చేసుకునే ఆడవాళ్ళకి దాని మెడే దూరదు.

ఈ మాటలన్నీ చెప్తే స్నేహితురాలు విసుక్కుంది. “అక్కా, నువ్వు మరీ. ఒక్క సంతకం. అక్కడ కూర్చుని ఆ పిల్లల పేర్లు బయటికి తీస్తే మేలు కాదా? నీ మడి ముఖ్యమా, వాళ్ళ చరిత్ర ముఖ్యమా?” గట్టి ప్రశ్నే. మడి అన్న మాటకి కోపం వచ్చింది గానీ, చాలాసేపు జవాబు చెప్పలేకపోయాను. చెప్పగలిగింది ఇంతే. అధికారిని మోసం చేయకూడదన్నది నా పట్టింపు కాదు. కువైట్ వెళ్ళే ఆమె దొంగ వయసు వేయించుకుంటే నేను ఆమె వైపే ఉంటాను. ఆమె అబద్ధం ఆమె పనిని ఆమెకి దక్కిస్తుంది. నేను రాయాల్సిన అబద్ధం నా పనే లేదంటుంది. ‘వృత్తి లేదు’ అన్న గడిని వెతుక్కుంటూ వెళ్ళి, ఆ గడిలో నా పేరు నేనే రాసుకోవాలి. ఇంకొకరు రాస్తే పోట్లాడతాను. నేనే రాసి, ఏడాది పాటు రోజూ రాత్రి లాప్‌టాప్ తెరిచి, ఇది పని కాదని నాకు నేను చెప్పుకోలేను. స్నేహితురాలు ఒప్పుకోలేదు. మా ఇద్దరి మధ్యా అది అలాగే ఉంది.

ఏడాది పథకం పక్కన పెట్టాను. 90 రోజుల మామూలు వీసాకి దరఖాస్తు చేస్తున్నాను. ఆ వీసా మీద కూడా పని చేయకూడదు, కాబట్టి నిజంగానే చేయను. ఆఫీసువాళ్ళు 24 రోజులు జీతంతో, మిగతావి జీతం లేకుండా సెలవు ఒప్పుకున్నారు. అద్దె, నాన్న మందులు, ఎక్స్‌లో గది, లెక్క వేసుకుంటే దాచుకున్న డబ్బంతా దాదాపు అయిపోతుంది. శనాదివారాలు పోను చదవడానికి అరవై చిల్లర రోజులొస్తాయి. ఏడాదికని రాసుకున్న పెట్టెల జాబితాని కొట్టేసుకుంటూ 1930 నుంచి 1935 దాకా మిగుల్చుకున్నాను. ఉద్యోగ ధ్రువపత్రం, సెలవు మంజూరు చేసిన ఉత్తరం, ఆరు నెలల జీతం స్లిప్పులు ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టాను. కన్సల్టెన్సీ అమ్మాయి ఈసారి ఏమీ అనలేదు. వృత్తి దగ్గర “ఎడిటర్ అని వేయాలా, పరిశోధకురాలనా మేడమ్?” అని మాత్రం అడిగింది. గడి చిన్నది, రెండూ పట్టలేదు. జీతం స్లిప్పుల మీద ఉన్నదే వేయమన్నాను.